ఏడున్నరకు పైన, ఎనిమిదికి కింద

ఆల్బమ్ సమీక్షకుణ్ని పట్టుకుని 'ఇంతకీ మొత్తం విన్నారా?' అని అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువైపోయారు. పెళ్లికి వచ్చినవాణ్ని 'తాళి కట్టడం చూశారా?' అని నిలదీసినట్టు ఉంది ఇది. వచ్చాడు, అక్షింతలు వేశాడు, భోంచేశాడు, కవరిచ్చాడు. ఇంకేం కావాలి? సమీక్షకుడూ అంతే. ఆల్బమ్ వచ్చిందని తెలుసుకున్నాడు, ఏడు వందల మాటలు రాశాడు, చివర ఒక అంకె వేశాడు. ఆల్టర్నేటివ్ రాక్, హిప్‌హాప్ సమీక్షకుల మీద పడిన ఈ అపనిందను తుడిచి, కొత్తగా ఈ వృత్తిలోకి దిగేవాళ్లకు పని నేర్పుదామనే ఈ నాలుగు మాటలూ.

ముందుగా అంకె. విన్నాక, రాశాక, ఆలోచించి అంకె వేస్తారనుకోవడం అమాయకత్వం. అంకె ముందు పడుతుంది, మాటలు దాని వెనక నడుస్తాయి. మన తెలుగు సినిమా సైట్లు 2.75, 3.25 అంటూ పావులతో సరిపెట్టుకుంటున్నాయి. అమెరికావాళ్లు అక్కడ ఆగలేదు. 1996లో మినియాపొలిస్‌లో పుట్టిన సంగీత సమీక్షల సైటు పిచ్‌ఫోర్క్ 0.0 నుంచి 10.0 దాకా పదో వంతుల్లో తూచే పద్ధతి స్థిరపరచింది. మొత్తం 101 మెట్లన్నమాట. 7.7కూ 7.8కూ నడుమ ఉన్న తేడా ఏమిటో చెప్పగల మనిషి ఇంకా పుట్టలేదు గానీ, ఆ తేడా మీద తెల్లవార్లూ తిట్టుకునే అభిమానులకు మాత్రం కొదవలేదు. కట్టెల అడితిలో కంటితో చూసి కట్టిన మోపుకు కంసాలి త్రాసు రసీదు ఇవ్వడం లాంటిది ఈ విద్య. రసీదు మీద మిల్లీగ్రాములు కనపడితే కట్టెలు పచ్చివా ఎండువా అని ఎవడూ అడగడు.

కొత్తవాళ్లు 7.8తో మొదలుపెట్టడం క్షేమం. ఎనిమిది దాటితే 'ఎంత ముట్టిందేం?' అంటారు. ఏడు కిందికి దిగితే మీ పాత పోస్టులన్నీ తవ్వి పోస్తారు. 7.8 దగ్గర ఆ బాధ లేదు. రేపు ఆ ఆల్బమ్ గొప్పదని తేలితే 'నేనప్పుడే బాగుందన్నాను' అనొచ్చు, తేలిపోతే 'అందుకేగా ఎనిమిది ఇవ్వనిది' అనొచ్చు. 10.0 జోలికి పోవాలంటే గుండె ధైర్యం కావాలి. 2000లో రేడియోహెడ్ 'కిడ్ ఎ'కి, 2010లో కాన్యే వెస్ట్ 'మై బ్యూటిఫుల్ డార్క్ ట్విస్టెడ్ ఫ్యాంటసీ'కి పిచ్‌ఫోర్క్ ఆ సాహసం చేసింది. ఆ రెండోదానికే యూట్యూబ్‌లో సమీక్షలు చేసే ఆంథొనీ ఫాంటానో 6 ఇచ్చాడు. ఆ పంచాయితీ ఇంకా తెగలేదు. ఇక 0.0 సంగతి. 2006లో జెట్ బ్యాండు ఆల్బమ్ 'షైన్ ఆన్'కి సున్నా వేసి, సమీక్ష ఉండాల్సిన చోట తన మూత్రం తానే తాగుతున్న చింపాంజీ వీడియో పెట్టారు. దాన్ని చాలామంది దౌర్జన్యమన్నారు. ఈ వృత్తిలో అంత నిజాయితీ గల సమీక్ష ఇంకోటి రాలేదని నా అభిప్రాయం. విన్నట్టు ఒక్క ముక్కయినా బుకాయించలేదు కదా.

అంకె తప్పయితే ఎలా అని భయపడకండి. ఇంటర్ బోర్డులో రీవెరిఫికేషన్‌కు ఫీజు కట్టాలి. ఇక్కడ అదీ అక్కర్లేదు, ఓ ఇరవై ఏళ్లు బతికుంటే చాలు. 2021 అక్టోబరులో పిచ్‌ఫోర్క్ తన పాత మార్కుల్లో 19 దిద్దింది. 2001లో 6.4 తెచ్చుకున్న డాఫ్ట్ పంక్ 'డిస్కవరీ' పదికి ఎగబాకింది. 2003లో సున్నా మింగిన లిజ్ ఫెయిర్ ఆల్బమ్ 6.0తో పాసైంది. ఇంటర్‌పోల్ అనే బ్యాండు తొలి ఆల్బమ్ మాత్రం 9.5 నుంచి 7.0కి జారింది. ఈ ఇరవై ఏళ్లలో ఆ పాటల్లో ఒక్క స్వరం మారలేదు, ఒక్క డ్రమ్ము దెబ్బ పక్కకు జరగలేదు. రోలింగ్ స్టోన్ పత్రిక 1991లో నిర్వాణ 'నెవర్‌మైండ్'కి అయిదింట మూడు నక్షత్రాలే ఇచ్చి, 2020 నాటి 500 మహా ఆల్బమ్‌ల జాబితాలో దానికే ఆరో పీట వేసింది. మిగతా రెండు నక్షత్రాలు ఉదయించడానికి సమయం పట్టిందనుకోవాలి.

రాయడం సులువు. ఏడు వందల మాటల సమీక్షకు కొలతలు ఇవి: బ్యాండు పుట్టుపూర్వోత్తరాలకు 250, పోయినసారి ఆల్బమ్‌తో పోలికకు 150, ఈ కాలపు ఒంటరితనానికో పెట్టుబడిదారీ వ్యవస్థకో మరో 200. చిన్నప్పుడు రాసిన ఆవు వ్యాసం ఇక్కడ అక్కరకొస్తుంది, ఏ ఆల్బమ్‌నైనా తోలుకొచ్చి ఆ కొట్టానికే కట్టేయొచ్చు. మిగిలిన వంద మాటల్లో నలభై సంగీతం గురించి ఉండాలి. అంతకు మించితే పాఠకుడికి అనుమానం వస్తుంది. 'ఫలానా బ్యాండు ఫలానా రాపర్ ఇంట్లో అద్దెకు దిగితే ఎలా ఉంటుందో అలా ఉంది' అనే వాక్యం ఒకటి తప్పనిసరి. మొదటి పాటను కొంచెం వివరంగా, చివరి పాటను ఆర్ద్రంగా ప్రస్తావించాలి. మధ్యలోవి 'ఆల్బమ్ నడుమ కాస్త సడలింది' అన్న మాటలో సర్దుకుంటాయి. ఆల్బమ్ నడుమ ఎప్పుడూ సడలే ఉంటుంది, ఎందుకంటే అక్కడికి ఎవరూ వెళ్లరు.

మొదటి పాటతోనే ఆగిపోతే ఒక ప్రమాదం ఉన్న మాట నిజమే. బ్రూక్లిన్ బ్యాండు గీస్ 2025లో తెచ్చిన 'గెటింగ్ కిల్డ్' తీసుకోండి. హిప్‌హాప్‌లో పేరు పడిన కెనీ బీట్స్ దానికి నిర్మాత. మొదటి పాటలో గాయకుడు తన కారులో బాంబుందని గొంతు చించుకుంటాడు. అక్కడికి ఆపేసినవాళ్లు 'ఉన్మాదపు ఆల్బమ్' అని రాసేసుకున్నారు. రెండో పాట జోకొట్టినట్టు మెత్తగా ఉంటుంది. ఇలాంటి బ్యాండ్లను సమీక్షకుల సంఘం తరఫున గట్టిగా మందలించాలి.

ఇక వినడం వల్ల కలిగే నష్టాలు. ఈ విషయం కాస్త వివరంగా చెప్పాల్సిందే, ఎందుకంటే యువత ఇక్కడే చెడిపోతోంది.

హిప్‌హాప్ ఆల్బమ్‌ను ఫోను స్పీకర్లో వింటే 'మినిమలిస్ట్ నిర్మాణం', అంటే తక్కువ శబ్దాలతో పొదుపుగా కట్టిన పాట అని హాయిగా రాసుకోవచ్చు. ఎవడో పనిలేనివాడు మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడనుకోండి, కొంప మునిగినట్టే. ఆ పాట అడుగున 50 హెర్ట్జ్ దగ్గర 808 అనే డ్రమ్ యంత్రపు బేస్ గోడలు కదిలిస్తూ ఉంటుంది, అంత లోతు శబ్దం ఫోను స్పీకరుకు అందదు. మినిమలిజం పాటది కాదు, ఫోనుది. తెలివైన నిర్మాతలు ఆ బేస్‌కు కొంచెం డిస్టార్షన్ (శబ్దాన్ని కావాలని గరుకు చేయడం) కలుపుతారు. దాంతో పుట్టే పై స్వరాలు ఫోనులోనూ పలుకుతాయి, కింద లేని బేస్‌ను చెవే ఊహించుకుంటుంది. కలపనివాళ్ల పాట ఫోనులో ఉత్త తాళాల గలగలే.

ఇంకొంచెం వింటే ఇంకా తగులుకుంటాయి. 808 అంటే 1980లో రోలండ్ కంపెనీ తెచ్చిన డ్రమ్ యంత్రం. దాని బేస్ డ్రమ్మును సాగదీసి బేస్ గిటార్ చేసే పని చేయిస్తున్నారు. డ్రమ్ముగా కొట్టినంతసేపు శ్రుతి పెద్ద పట్టింపు కాదు. బేస్‌గా సాగితే మాత్రం అదీ పాట శ్రుతిలో ఉండాలి. ఆ 808 శాంపిల్ (రికార్డు చేసి పెట్టుకున్న శబ్దం) ఒక శ్రుతిలో, పాట ఇంకో శ్రుతిలో ఉంటే పన్ను కింద రాయి పడ్డట్టు ఉంటుంది. పైగా కిక్ డ్రమ్ము, 808 ఒకేసారి పడి, ఒకదాని తరంగం పైకి లేచేటప్పుడు రెండోది కిందికి దిగితే రెండూ కలిసి పెరగాల్సింది పోయి ఒకదాన్నొకటి తినేస్తాయి, దెబ్బ పలచబడుతుంది. దాన్ని సరిచేయడం పెద్ద పనేం కాదు. ఒకదాని పొలారిటీ తిప్పాలి (తరంగాన్ని తలకిందులు చేయాలి), లేదా కొన్ని మిల్లీసెకన్లు జరపాలి, లేదా కిక్ పడ్డప్పుడల్లా 808 తలవంచేలా సైడ్‌చెయిన్ పెట్టాలి. ఇవన్నీ చెవిన పడ్డవాడు 'చీకటి నిండిన వాతావరణం' అని రాయగలడా? చేయి రాదు.

మాటల విషయంలోనూ అంతే. సాహిత్యాన్ని సైట్‌లోంచి కాపీ చేసుకుని 'అద్భుతమైన పద విన్యాసం' అనేయడం పెద్దలు చూపిన బాట. తెలుగువాడికి ఇక్కడ అదనపు చిక్కొకటి ఉంది. మన పద్యంలో ప్రాస పాదంలోని రెండో అక్షరం, రాప్‌లో అది మామూలుగా పాదం చివర. అదీ హల్లు కలవక్కర్లేదు, అచ్చులు వరసగా కలిస్తే చాలు. 1987 నాటికే రకీమ్ అనే రాపర్ ఆ ప్రాసను చివర నుంచి పాదం నడుమకు తెచ్చి కూర్చోబెట్టాడు. కాగితం మీద చూస్తే ప్రాసలన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి. నాలుగో మాత్ర మీద స్నేర్ డ్రమ్ము దెబ్బతో కలిసి పడిందా, కావాలని వెనకబడి పడిందా అన్నది వింటేగానీ తెలియదు. ఒక్కో లైనూ విడివిడిగా రికార్డు చేసి అతికిస్తే ఊపిరి తీసుకునే చోటే ఉండదు, ఒక లైను తోక మీద ఇంకో లైను తల ఎక్కేస్తుంది. 'ఊపిరి సలపనివ్వని ప్రవాహం' అని మనం మెచ్చుకునేది తరచు అదే.

రాక్ సమీక్షకులకు వేరే గండం. మాస్టరింగ్‌లో, అంటే విడుదలకు ముందు చేసే చివరి మెరుగులో, శబ్దాన్ని నొక్కి నొక్కి బిగించేస్తే చరణం, పల్లవి ఒకే ఎత్తులో ఉంటాయి. పల్లవి వచ్చినప్పుడు పైకి లేవాల్సిన గిటార్లకు లేవడానికి చోటుండదు. స్నేర్ 'టప్' మనాల్సింది 'తఫ్' మంటుంది, తడి గుడ్డ మీద కొట్టినట్టు. 2008లో మెటాలికా 'డెత్ మాగ్నెటిక్' సీడీ కన్నా గిటార్ హీరో అనే వీడియోగేమ్‌లో వచ్చిన అవే పాటలు శుభ్రంగా వినిపించాయి. అభిమానులు రీమిక్స్ చేయమని వేల సంతకాలు పెట్టారు. సమీక్షకుడు ముందే పట్టుకుని ఉంటే వాళ్లకు సిరా ఖర్చు తప్పేది. ఇప్పుడు ఆ నొక్కుడుతో లాభమూ లేదు. స్పాటిఫై మామూలుగా అన్నిటినీ మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి తోచే బిగ్గరతనపు కొలత) దగ్గరికి తెస్తుంది. మైనస్ 7 దగ్గర అరిచే ఆల్బమ్‌ను 7 డెసిబెల్స్ కిందికి దించుతుంది. అరుపు పోతుంది, నలిగిన దెబ్బ మాత్రం అలాగే మిగులుతుంది.

నిడివి గురించి ఒక లెక్క. 2014 చివర్లో, ఆల్బమ్‌ల అమ్మకాల జాబితాలు వేసే అమెరికా పత్రిక బిల్‌బోర్డ్ 1500 స్ట్రీమ్‌లను ఒక ఆల్బమ్ అమ్మకంగా లెక్కించడం మొదలుపెట్టింది (తర్వాత ఆ అంకెలు మారాయి లెండి). ఆ లెక్కన రాపర్ డ్రేక్ 2018లో తెచ్చిన 'స్కార్పియన్'లో 25 పాటలు కాబట్టి ఆసాంతం 60 సార్లు తిప్పితే ఒక అమ్మకం. అదే ఏడు వచ్చిన ఇంకో రాపర్ పుషా టి 'డేటోనా'లో ఏడే పాటలు, 21 నిమిషాలు. దాన్ని 215 సార్లు తిప్పాలి. ఎవరు తెలివైనవారో మీరే తేల్చుకోండి. సమీక్షకుడు పాతిక పాటల సాగతీతను 'విస్తారమైన కళాదృష్టి' అంటాడు. 30 సెకన్లు మోగితే స్పాటిఫైలో ఒక స్ట్రీమ్ పడుతుంది కాబట్టి సమీక్షకుడూ ప్రతి పాటకూ సరిగ్గా అంతే సమయం కేటాయిస్తాడు. పరిశ్రమ నిబంధనలను గౌరవించాలి కదా.

కెండ్రిక్ లామార్ లాంటి రాపర్లు మాత్రం మనల్ని కావాలనే ఇరుకున పెడతారు. 2024 నవంబరు 22న ముందుగా ఒక్క మాటా చెప్పకుండా 'జీఎన్ఎక్స్' ఆల్బమ్ వదిలేశాడు. 12 పాటలు, 44 నిమిషాలు. ముందస్తు కాపీ లేదు, ప్రెస్ నోటు లేదు, పుట్టుపూర్వోత్తరాల 250 మాటలు నింపడానికి సరుకు లేదు. తొలి పాట మరియాచి (మెక్సికో జానపద సంగీతం) గాయని గొంతుతో మొదలవుతుంది. స్పానిష్ రానివాళ్లు ఏం రాయాలి? 'లాస్ ఏంజెలిస్ ఆత్మ' అని రాశారు. పాపం, ఇంకేం చేస్తారు.

ఇంత జాగ్రత్త పడ్డా ఏదో ఒక సభలో ఏ కుర్రాడో లేచి 'నాలుగో పాట ఎలా ఉందండీ?' అంటాడు. కంగారు పడొద్దు. 'అది మెల్లగా ఎక్కే పాట బాబూ' అనాలి. 'నాకింకా ఎక్కలేదండీ' అంటాడు. 'అందుకే 7.8' అని కూర్చోవాలి.