సవరణ: పాత కంప్యూటర్ అమ్మేముందు ఫార్మాట్ ఒక్కటే చాలదు

మొన్నటి పోస్టులో పాత సిస్టమ్ అమ్మేముందు హార్డ్‌డిస్క్‌ని క్విక్ ఫార్మాట్ కొడితే చాలు, ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాల్లేకుండా చిప్పుల్లో డేటా దాచే డిస్క్) అయితే పాత డేటా మీద ఏడుసార్లు తిరగరాయించండి అన్నా గదా, రెండూ తప్పే రాశా.

క్విక్ ఫార్మాట్ అంటే పుస్తకంలో విషయసూచిక చింపేసినట్టు, పేజీలన్నీ అట్టానే ఉంటాయి. రికవరీ సాఫ్ట్‌వేర్ ఉన్నోడికి మీ ఆధార్ స్కాన్లు, పట్టాదారు పాస్‌బుక్ ఫొటోలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు దొరికిపోతాయి. విండోస్ విస్టా నించి ఆ క్విక్ టిక్ తీసేసి ఫార్మాట్ చేస్తే డిస్క్ మొత్తం సున్నాలు రాస్తది, గంటల తరబడి పడుద్ది, పట్టనీండి. విండోస్ ఉండే సీ డ్రైవ్‌కి అట్టా కుదరదు, దానికి సెట్టింగ్స్‌లో రీసెట్‌కి పోయి రిమూవ్ ఎవ్రీథింగ్ పెట్టి, క్లీన్ డేటా కూడా ఆన్ చేయాల. తిరిగే హార్డ్‌డిస్క్‌కి మామూలుగా ఒక్కసారి తిరగరాస్తే సరిపోద్దని అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్ డేటా చెరపడం మీద రాసిన 800-88 గైడ్‌లోనే ఉంది, ఏడుసార్లు దండగ.

ఎస్ఎస్‌డీ కథ వేరు. మనం తిరగరాసినా అది లోపల వేరే సెల్స్‌లో రాసుకుంటది, పాతది మిగిలిపోవచ్చు. ఎస్ఎస్‌డీ కంపెనీ వాళ్ల టూల్‌తోనో, ఉంటే బయోస్‌లోనో (విండోస్ రాకముందు తెరిచే సెట్టింగులు) సెక్యూర్ ఎరేజ్, అంటే డిస్క్ తనే లోపలదంతా చెరిపేసుకునే కమాండ్, ఇవ్వాల. అయస్కాంతం రుద్దితే ఎస్ఎస్‌డీకి ఏం కాదు.

ఒంగోలు నించి ఒకాయన ఫోన్ చేసి, సిస్టమ్ ఆనే కావట్లేదు, పాతసామాన్లోళ్లకి ఇచ్చేయొచ్చా అన్నాడు. ఇవ్వొద్దు సామీ, పోయింది పవర్ సప్లయో బోర్డో అయితే డిస్క్ నిక్షేపంగా ఉంటది, స్క్రూలు విప్పి అది తీసుకుని మిగతాది ఇవ్వండి.