పార, ఇల్లు, వరుస: ఏకపార్టీ పాలనలో అభ్యర్థి ఎంపిక

1965 సెప్టెంబరులో టాంజానియా ప్రధాన భూభాగంలో జరిగిన పార్లమెంటు ఎన్నికల్లో బరిలో నిలిచిన వారంతా ఒకే పార్టీ వారు, అదీ పాలక పక్షమైన ‘టాను’ వారే. అయినా ఆర్థిక మంత్రి పాల్ బొమానీ సహా పలువురు ప్రముఖులు ఓడిపోయారు. ప్రతిపక్షమే లేని చోట మంత్రి ఎలా ఓడాడన్నది అభ్యర్థుల ఎంపికలో తేలుతుంది.

సీటు ఆశించిన వారి పేర్లపై ముందు జిల్లా పార్టీ మహాసభ ఓటు వేసేది. ఆ వరుసక్రమాన్ని పరిశీలించి జాతీయ కార్యవర్గం నియోజకవర్గానికి ఇద్దరిని ఖరారు చేసేది. ఒకరికి పార, మరొకరికి ఇల్లు గుర్తు. ఇద్దరూ పార్టీ ఏర్పాటు చేసిన ఒకే వేదిక నుంచి స్వాహిలీలోనే మాట్లాడాలి. జాతి, తెగ, మతం ఊసెత్తకూడదు, సొంత డబ్బు ఖర్చు పెట్టకూడదు. బీ-ఫారం కోసం అధినేత ఇంటి ముందు పడిగాపులు పడే ఆశావహులను చూసిన మనకు ఇది కాస్త విడ్డూరంగానే తోస్తుంది. భారతీయ మూలాలున్న అమీర్ జమాల్ మొరొగొరోలో ఘనంగా గెలిచారంటే ఆ నిబంధనలు ఉత్త కాగితాలు కావనే అనుకోవాలి.

అయితే ఆ స్వేచ్ఛ వ్యక్తుల మధ్య ఎంపికకే పరిమితం. విధానం ఓటరు ముందుకు రాలేదు. జాబితాపై చివరి మాట కార్యవర్గానిది. ఓడిన బొమానీ నామినేటెడ్ సభ్యుడిగా మళ్లీ మంత్రివర్గంలో చేరారు. 1968లో పార్టీ కొందరు ఎంపీలను బహిష్కరించగానే, ప్రజలు గెలిపించిన వారి సీట్లూ పోయాయి. ఇన్ని పరిమితుల మధ్య కూడా ఆ పద్ధతికి విలువ తెచ్చింది, నా ఉద్దేశంలో, రహస్య బ్యాలెట్ ఒక్కటే.

అది లేకపోతే ఏమవుతుందో పొరుగున కెన్యాలో కనిపించింది. 1988లో పాలక ‘కాను’ పార్టీ అభ్యర్థుల ఎంపికకు ఓటర్లను బహిరంగంగా, తాము కోరుకునే వారి వెనుక వరుస కట్టించింది. 70 శాతం దాటిన వారు ఆ తర్వాతి రహస్య ఓటింగు అక్కర్లేకుండానే ఎన్నికైనట్టు లెక్క. ఎవరి వెనుక నిలబడ్డావో ఊరి పెద్ద, అధికారి కళ్లారా చూస్తుంటే పేదవాడు తన ఇష్టం ఎలా చెప్పగలడు? పైగా వరుస చెదిరిపోయాక మళ్లీ లెక్కించడానికి ఒక్క కాగితమైనా మిగలదు. పొట్టి వరుస గెలిచిందని ప్రకటించారన్న ఫిర్యాదులు వెల్లువెత్తాయి. ఈ పద్ధతిని ముందే వ్యతిరేకించిన మాజీ మంత్రి చార్లెస్ రుబియా స్టారేహెలో ఓడినట్టు అధికారులు ప్రకటించారు. సొంత పార్టీ వారే తిరగబడటంతో 1990లో వరుసలకు స్వస్తి పలికారు గానీ, 1991 డిసెంబరుకల్లా ఏకపార్టీ నిబంధననే రాజ్యాంగం నుంచి తొలగించాల్సి వచ్చింది.