సూర్యుడిపై ఫిర్యాదు: విచారణ నివేదిక

ఉప్పునీటిని మంచినీరు చేసే సోలార్ స్టిల్ బిగించుకున్నవాళ్ళందరి గోడూ ఒకటే. స్టిల్ అంటే నల్లరంగు పూసిన తొట్టి, పైన వాలుగా అద్దం; ఎండకు లేచిన ఆవిరి అద్దం లోపలివైపు నీరై, కాలువ గుండా సీసాలోకి జారుతుంది. ఎండ మాడు పగలగొడుతోంది, సాయంత్రానికి చదరపు మీటరు తొట్టి నుంచి సీసాలో పడేది మాత్రం మూడు లీటర్లు. మిగతాది సూర్యుడే నొక్కేశాడని అభియోగం. నేరం తీవ్రమైనది కాబట్టి విచారణ జరిపాం.

ముందు జమ చూద్దాం. మంచి ఎండ రోజున చదరపు మీటరుకు ఇంచుమించు 20 మెగాజౌళ్ళ శక్తి అందుతుంది. లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 2.3 మెగాజౌళ్ళు కావాలి. ఒక్క రవ్వ కూడా వృథా పోకపోయినా తొమ్మిది లీటర్లు దాటవు. గొట్టం కింద ఇరవై లీటర్ల క్యాన్ పెట్టుకుని కూర్చోవడం సూర్యుడి తప్పెలా అవుతుంది?

మరి తగ్గిన ఐదారు లీటర్లు ఎవరు తిన్నట్టు? కొంత వేడి అద్దం మీదుగా పోవడం మామూలే, అది మాఫీ. తొట్టి అడుగున థర్మాకోల్ లాంటిది వేయకపోతే నేల తన వాటా తాను లాగేసుకుంటుంది. అంచున సీలెంటు వెంట్రుకవాసి విడిపోయినా చాలు, ఆవిరి దర్జాగా బయటికి నడిచిపోతుంది. అసలు ముద్దాయి మాత్రం ఫిర్యాదుదారే. రెండు సెంటీమీటర్ల లోతు చాలినచోట, ఎక్కువ పోస్తే ఎక్కువ వస్తాయని పది సెంటీమీటర్లు పోశాడు. ఆ నీళ్ళు ఒళ్ళు వేడెక్కించుకునేసరికి సూర్యుడి డ్యూటీ అయిపోయింది.

ఘటనాస్థలాన్ని దగ్గర్నుంచి పరిశీలించాం. శుభ్రమైన అద్దం లోపలివైపు ఆవిరి పల్చటి పొరలా పరుచుకుని కాలువలోకి జారుతుంది. ఇక్కడ ఖర్చు కలిసొస్తుందని ప్లాస్టిక్ షీటు కప్పారు. దాని మీద చుక్క పూసలా ఉబ్బింది, కాసేపు వేలాడింది, ఆపైన కాలువ దాకా వెళ్ళే ఓపిక లేక పుట్టింటికే, అంటే ఆ ఉప్పునీళ్ళలోకే, దూకేసింది. వాలు పది డిగ్రీలైనా లేకపోతే అద్దం మీది చుక్కదీ ఇదే బుద్ధి.

పైకి లేచేది నీరే, ఉప్పు కాదు. రోజూ వచ్చిన నీటికి రెండు మూడింతలు కొత్తనీరు పోసి, పాతది పొర్లించేయాలి. లేదంటే నల్లరంగు మీద తెల్లటి పెచ్చు కట్టి ఎండను వెనక్కి కొడుతుంది. ఈ మాట చెప్పగానే ఫిర్యాదుదారు, ‘ఫ్రీ అన్నారుగా!’ అన్నాడు. ఫ్రీ అయినది ఎండ, ఊడ్చే చెయ్యి కాదు. ఇంకో సంగతి: ఫ్లోరైడు, ఆర్సెనిక్ తొట్టిలోనే ఉండిపోతాయి కానీ, పెట్రోలు లాంటివి ఆవిరితోపాటు టికెట్ లేకుండా ఎక్కేస్తాయి.

పాత కేసు ఒకటి ఉంది. చిలీలోని లాస్ సాలినాస్‌లో 1872లో దాదాపు 4,500 చదరపు మీటర్ల స్టిల్ కట్టారు. రోజుకు 22 వేల లీటర్ల దాకా నీరిచ్చింది. తాగినవి నైట్రేట్ గనుల కంచరగాడిదలు. చదరపు మీటరుకు ఐదు లీటర్లయినా రాలేదని అవి పిటిషన్ వేసినట్టు దాఖలాలు లేవు.

కేసు వాయిదా. ఫిర్యాదుదారు పొడిగుడ్డతో హాజరై, ముందు అద్దం మీది దుమ్ము తుడవాలి.