గుడ్డు దాటని గురువు

బొమ్మలు వేయాలంటే ముందు గీత దిద్దాలన్న మూఢనమ్మకం మనలో ఇంకా పోలేదు. దాన్ని పోగొట్టడానికే ఈ వ్యాసం.

నలభై ఆరో ఏట నాలో చిత్రకారుడు మేలుకున్నాడు. మర్నాడే ఈజెల్, 24 రంగుల ట్యూబులు, తొమ్మిది కుంచెలు, భుజాన వేలాడే సంచీ కొనేశాను. ఇక గడ్డం పెరగడమే తరువాయి. ఇంత సరంజామాతో వెళ్తే, మా వీధి చివరి డ్రాయింగు మాస్టారు వాటివంక కన్నెత్తి కూడా చూడలేదు. బ్లేడుతో పెన్సిల్ చెక్కి చేతికిచ్చి, తెల్లగుడ్డ మీద కోడిగుడ్డు పెట్టి "కానివ్వండి" అన్నారు.

మొదటి రోజు గుడ్డు. రెండో రోజూ గుడ్డే. కింద గుడ్డమీద పడ్డ వెలుగు మళ్లీ పైకి తగిలి, నీడవైపు అంచున సన్నగా మెరుస్తుందట. నేనేమో అక్కడే నల్లగా రుద్దేస్తున్నానట. "మీరు గుడ్డును చూడట్లేదండీ, మీకు తెలిసిన గుడ్డు గీస్తున్నారు" అన్నారు. ఇన్నేళ్లుగా అట్టు వేసుకు తింటున్నవాణ్ణి, నాకు గుడ్డు తెలీదా? 21 రోజులకి కోడయితే పిల్లనే దింపుతుంది. మాస్టారు నన్ను గుడ్డు దాటనివ్వలేదు. మానేశాను.

శ్రీకాళహస్తి కలంకారీ వాళ్లదీ ఇదే చాదస్తం. గుడ్డను కరక్కాయ, గేదెపాలలో తడిపి ఆరబెట్టాలి. చింతబరికెలు కాల్చిన బొగ్గుతో గీసుకోవాలి. నల్లరంగు కోసం ఇనపముక్కల్నీ బెల్లాన్నీ నీళ్లలో వారాల తరబడి ఊరబెట్టాలి. మా ఇంట్లో ఆవకాయే మూడోరోజుకి కంచంలోకొస్తుంది!

పికాసో బొమ్మల్లో కళ్లూ ముక్కూ ఎక్కడపడితే అక్కడ ఉంటాయని నా వాదన. గిట్టనివాళ్లు వెంటనే 1897లో ఆయన వేసిన 'సైన్స్ అండ్ చారిటీ' చూపిస్తారు. మంచమ్మీద రోగి, పక్కన నాడి పట్టుకున్న వైద్యుడు, అన్నీ ఉండాల్సిన చోటే ఉంటాయి. అప్పటికి పదిహేనేళ్లవాడు. తండ్రి డ్రాయింగు మాస్టారు కాబట్టి పాపం తప్పించుకోలేకపోయాడు. నాకా ఖర్మ లేదు.

అందుకే నేరుగా రాజమండ్రి ఆర్చి వంతెనకు దిగాను. దూరం వెళ్లేకొద్దీ కమానులు చిన్నవవాలట. ఇంజనీర్లు 28 కమానుల్నీ ఒకే కొలతన కడితే, వాటిని తగ్గించడానికి నేనెవర్ని? అన్నీ సమానంగానే వేశాను. తడి ఆరకముందే నీలం మీద నారింజ పూసేసరికి గోదావరి మాత్రం బురదరంగుకి తిరిగింది. వరదల కాలం అనుకోవచ్చు.

"వంతెన ఇలా ఒరిగిందేం?" అంది మా ఆవిడ.

"అది నా శైలి."

"మరి కిటికీ వంకరగా బిగించాడని వడ్రంగికి డబ్బులెందుకు ఆపారు?"

ప్రస్తుతం నా చిత్రం ఆ కిటికీ సందుకే అడ్డంగా ఉంది. నిన్నటి జల్లుకి రంగులు కారి, ఆకాశం నదిలోకి దిగింది. ఇప్పుడు కాస్త నీళ్లలా ఉందంటోంది మా ఆవిడ.