బ్యాంకులో 18 లక్షలు, చేతిలో రెండు నెలలు

ఆరు నెలల ఖర్చుకు సరిపడా నిల్వ ఉంచుకోవాలని స్వచ్ఛంద సంస్థలకు ఆడిటర్లు, దాతలు చెబుతుంటారు. సలహా మంచిదే. కానీ ఏ డబ్బు నిల్వ కిందికి వస్తుందో ముందు తేల్చుకోవాలి.

ఒక సంస్థ ఖాతాల్లో 18 లక్షలున్నాయనుకుందాం. అందులో 9 లక్షలు ఫలానా ప్రాజెక్టుకే వాడాలన్న షరతుతో వచ్చిన గ్రాంటు. 2 లక్షలు విదేశీ విరాళాలు. గ్రాట్యుటీ, కట్టాల్సిన పీఎఫ్, టీడీఎస్ కలిపి మరో 2 లక్షలు. ఇవి పోతే మిగిలేది 5 లక్షలు. జీతాలు, అద్దె, కరెంటు బిల్లు లాంటి తప్పని ఖర్చు నెలకు 2.5 లక్షలైతే, అది రెండు నెలలకే సరి. విదేశీ డబ్బును ఎందుకు తీసేయాలంటే, విదేశీ విరాళాలను నియంత్రించే చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద తీసుకున్న రిజిస్ట్రేషన్‌ను ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. అది ఆగిందంటే ఖాతాలో ఎంతున్నా ముట్టుకోలేరు.

ఇక పన్ను చట్టం. మినహాయింపు నిలవాలంటే ఆదాయంలో 85 శాతం ఆ ఏడాదే ఖర్చు చూపాలి. మిగతా 15 శాతానికి గడువు లేదు. పై సంస్థకే షరతుల్లేని ఆదాయం ఏడాదికి 36 లక్షలొస్తే, మిగుల్చుకోగలిగేది 5.4 లక్షలు. ఆరు నెలల నిల్వంటే 15 లక్షలు. సున్నా నుంచి మొదలుపెడితే దాదాపు మూడేళ్లు పడుతుంది. కొత్త సంస్థను పట్టుకుని ఆరు నెలల నిల్వ ఏదని అడిగే దాతలు ఈ లెక్క వేసి చూడాలి. మొదట మూడు నెలలు చాలు. గ్రాంటు విడతలు ఆలస్యమయ్యే సంస్థలకు మాత్రం ఆరు నెలలు అవసరమే.

15 శాతం దాటి దాచాలంటే ప్రయోజనాన్ని స్పష్టంగా రాసి, గడువులోగా ఫారం దాఖలు చేసి, ఐదేళ్లలో వాడాలి. 'భవిష్యత్ అవసరాలు' అని రాస్తే అసెస్‌మెంట్‌లో చిక్కు తప్పదు. దాత రాతపూర్వకంగా కార్పస్‌కని, అంటే శాశ్వత మూలనిధికని ఇచ్చిన సొమ్ముతో జీతాలిస్తే, ఆ ఖర్చు 85 శాతంలోకి రాదు, తిరిగి కార్పస్‌లో జమచేసేదాకా.

జీతాల బాధ్యత లేని స్కూలు క్లబ్బుకూ, పూర్వ విద్యార్థుల సంఘానికీ ఇంత తతంగం అక్కర్లేదు. ఏటా జరిపే పెద్ద కార్యక్రమం ఖర్చు, హాలు అడ్వాన్సు పోయినా తట్టుకునే సొమ్ము ఉంటే సరిపోతుంది.

నిల్వను ఒకే పెద్ద ఎఫ్‌డీగా కాక, ఒక్కో నెల ఖర్చుకు ఒక్కో ఎఫ్‌డీగా వేయాలి. డిపాజిట్ బీమా ఒక్కో బ్యాంకులో అసలు, వడ్డీ కలిపి 5 లక్షల వరకే కాబట్టి రెండు బ్యాంకులు మేలు. ఎవరి సంతకంతో తీయాలో, ఎన్ని నెలల్లో తిరిగి నింపాలో కార్యవర్గ తీర్మానంలో ఉండాలి. గడువు రాయని చోట తీసిన డబ్బు వెనక్కి రాదు.