పోలీసుకా, బుర్రకా?

నీతి, విలువలు, నాణ్యత అనే మూడు గంభీరమైన విషయాల మీద నాకు కొన్నాళ్ళుగా తీవ్రమైన చింతన పట్టుకుంది. కారణం హెల్మెట్టు. నవ్వితే నవ్వండి. పెద్ద పెద్ద ప్రశ్నలు నాకు ఎప్పుడూ రోడ్డు పక్కనే ఎదురవుతాయి.

విశాఖ మద్దిలపాలెంలో హైవే అంచున, రెండు కర్రల మధ్య తాడు కట్టి, కొబ్బరికాయల గెలల్లా హెల్మెట్లు వేలాడదీసి అమ్ముతుంటాడు ఒక కుర్రాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయం అక్కడికి కూతవేటు దూరం. 1926లో పెట్టిన ఆ చదువులతల్లి ఒళ్ళో ఎంతమంది తత్త్వశాస్త్రం చదువుకున్నారో గానీ, నాకు అర్థమయ్యేలా చెప్పినవాడు మాత్రం ఇవతల గొడుగు కింద స్టూలు మీద కూర్చున్న ఈ గురువే.

"హెల్మెట్ ఎంత బాబూ?" అన్నాను.

"పోలీసుకా సార్, బుర్రకా?"

"తేడా ఏటి?"

"పోలీసుకైతే రెండొందల యాభై. బుర్రకైతే షాపుకెళ్ళిపోండి సార్, నాకాడ నేవు."

ఇంత నిజాయితీపరుణ్ణి ఈ మధ్య చూడలేదు. పరవశించిపోయి, "ఐఎస్ఐ మార్కు ఉందా?" అని అడిగాను.

"కావాలా?"

"అంటే?"

"కావాలంటే ఉంటాది సార్."

స్టూలు కిందనుంచి బిస్కెట్ల డబ్బా తీశాడు. అందులో స్టిక్కర్ల చుట్ట. ఒకటి గోటితో పైకి లేపి, చొక్కాకి వేలు తుడుచుకుని, హెల్మెట్ వెనకాల పెట్టి, పెళ్ళికూతురికి బాసికం కట్టినంత శ్రద్ధగా మెడ వాల్చి చూసుకుని, కొంచెం వంకర పోయిందని మళ్ళీ లేపి, మళ్ళీ అంటించి, అరచేత్తో ఒక్క అదుము అదిమాడు. "ఇప్పుడుంది సార్. ఇరవై ఎక్స్‌ట్రా."

తాడుకున్న మిగతావీ తిప్పి చూశాను. నల్లది, నీలంది, చిన్నపిల్లలకని బొమ్మలు వేసిన గులాబీది. మార్కు కింద లైసెన్సు నంబరు అన్నిటికీ ఒకటే.

"అన్నిటికీ ఒకే నంబరేటి?"

"ఒక్క తల్లి పిల్లలే కదా సార్."

ఈ మార్కు చరిత్ర కూడా కాస్త చెప్పాలి. ఇండియన్ స్టాండర్డ్స్ ఇన్‌స్టిట్యూషన్ 1947లో పుట్టింది. దాని పొడి అక్షరాలే ఐఎస్ఐ. 1987లో ఆ సంస్థ పోయి, దాని స్థానంలో భారతీయ ప్రమాణాల బ్యూరో వచ్చింది. సంస్థ పోయింది, ముద్ర మిగిలింది. మన నైతిక చరిత్రని ఇంతకంటే కుదించి రాయడం నావల్ల కాదు. ఐఎస్ 4151 అనే ప్రమాణానికి లోబడి ఆ ముద్ర వేయించుకోని హెల్మెట్ తయారుచేసినా అమ్మినా నేరమని 2021 జూన్ 1 నుంచి చట్టం. చట్టం వచ్చింది గనకే బిస్కెట్ల డబ్బా కూడా వచ్చింది.

లెక్క కూడా తిరుగులేనిది. హెల్మెట్ లేకపోతే మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం వెయ్యి జరిమానా. స్టిక్కర్‌తో సహా దీని ఖరీదు రెండొందల డెబ్భై. ఏడొందల ముప్ఫై లాభం. నష్టమల్లా బుర్రకి. దాన్ని లెక్కలోకి తీసుకునే అలవాటు మనకు లేదు.

ఇంతలో స్కూటీ మీద ఒక పెద్దమనిషి దిగారు. భుజాన శాలువా, చేతిలో జ్ఞాపిక, వెనక భార్య. యువతలో నైతిక విలువల పతనం మీద ఏదో సభలో మాట్లాడి వస్తున్నారని రెండు నిమిషాల్లో నాకు చెప్పేశారు. రెండో నిమిషం పతనానికి సెల్‌ఫోనే కారణమని చెప్పడానికి. ఆయన నెత్తిమీద మంచి కంపెనీ హెల్మెట్, తక్కువలో తక్కువ రెండువేలుంటుంది. వెనక కూర్చున్నవాళ్ళకీ అడుగుతున్నారని ఆగారట.

"ఆవిడకి పోలీసుది ఒకటియ్యి" అన్నారు.

కుర్రాడు ఆవిడకేసి చూశాడు. "అమ్మకి షాపులో మంచిది కొనండి సార్."

"నీకెందుకయ్యా? వెనక కూర్చునేదానికి ఏదైతేనేం!"

ఆవిడ ఏమీ అనలేదు. జడ సర్దుకుని, పెట్టుకుని, బకిల్ పడకపోతే చేత్తో పట్టుకుని కూర్చుంది. జ్ఞాపిక కూడా ఆవిడ ఒళ్ళోనే.

తెలుగులో విలువ అనే మాటకి ఏకవచనంలో అర్థం ధర. బహువచనం చేస్తే ఉపన్యాసం. కాంట్ అనే జర్మన్ తత్త్వవేత్త 1785లోనే ఈ ముడి విప్పాడు. కొన్నిటికి ధర ఉంటుంది, అది పోతే అలాంటిదే ఇంకోటి తెచ్చుకోవచ్చు. కొన్నిటికి ధర కట్టలేని గౌరవం ఉంటుంది, వాటికి మారు దొరకదు అన్నాడు. ఆ అమ్మ బుర్ర ఏ రకమో రెండొందల యాభైతో తేలిపోయింది.

నా హెల్మెట్ లోపల వేలు పెట్టి నొక్కాను. పల్చటి స్పాంజి, దాని వెనక నేరుగా ప్లాస్టిక్. అసలు హెల్మెట్లో అక్కడ మందంగా థర్మాకోల్ ఉంటుంది. కిందపడ్డప్పుడు అది నలిగి, దెబ్బని తాను మింగుతుంది. థర్మాకోల్ తయారయ్యేది స్టైరీన్ అనే రసాయనంతో.

ఆ పేరు వింటే ఈ ఊళ్ళో ఇప్పటికీ చాలామందికి గొంతు పట్టేస్తుంది. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో జనం నిద్రలో ఉండగా, ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకులోంచి ఆ స్టైరీనే ఆవిరై ఊరి మీద పడింది. పరిగెత్తుతున్నవాళ్ళు పరిగెత్తుతూనే రోడ్డు మీద కూలిపోయారు. 12 మంది పోయారు. ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ తరవాత ఏం తేల్చిందో గుర్తుందా? సైరన్ ఉంది. గేటుతో సహా 36 చోట్ల దాన్ని మోగించే ఏర్పాటు ఉంది. ఒక్కచోటా మోగించలేదు. ముప్ఫై ఆరు! ఒక్కటి మోగితే చాలు, కనీసం లేచేవాళ్ళు, పిల్లల్ని చంకనేసుకుని పరిగెట్టడానికి నాలుగు నిమిషాలు ముందు దొరికేవి. ఆ సైరన్ కూడా పోలీసుకే, బుర్రకి కాదు. తనిఖీకొచ్చిన ఆఫీసరు కాగితంలో టిక్కు పెట్టుకోవడానికి ఉన్న సైరన్ అది. దీన్ని ప్రమాదం అంటున్నారు. సిగ్గు లేదా? యువత సెల్‌ఫోన్ల మీద గంటన్నర మాట్లాడే శాలువాలు ఆ ఊరి పేరు ఒక్క సభలో ఎత్తగా నేను వినలేదు.

సరే. ఎక్కడున్నాం? హెల్మెట్ దగ్గర.

కొన్నానా అంటారా? కొన్నాను. స్టిక్కర్‌తోనే. మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర కానిస్టేబుల్ నా హెల్మెట్ వెనకభాగం పరిశీలనగా చూసి, తల ఊపి వదిలేశాడు. ఇంటికెళ్ళేసరికి మన విశాఖ ఉక్కపోతకి ఆ ముద్ర కాస్తా చెమటపట్టి, సగం ఊడి, గాలికి టపటపా కొట్టుకుంటోంది.

మర్నాడు పొద్దున్నే మళ్ళీ వెళ్ళాను. కుర్రాడు నన్ను గుర్తుపట్టి, అడక్కుండానే బిస్కెట్ల డబ్బా తీశాడు.