సవరణ: బెర్తోల్డియా చప్పుడు బెదిరింపు కాదు

అరిజోనాలో ఉండే బెర్తోల్డియా ట్రైగోనా అనే చిమ్మట టకటక శబ్దాలతో గబ్బిలాన్ని బెదరగొడుతుందని ముందటి పోస్టులో ఉంది. ఆ వాక్యాన్ని మార్చాం. ఆ శబ్దం నిజానికి, ఎర ఎక్కడుందో తెలుసుకోవడానికి గబ్బిలం వినే ప్రతిధ్వనిని చెడగొడుతుంది. 2009లో పెద్ద గోధుమరంగు గబ్బిలాలతో చేసిన ప్రయోగంలో ఇది తేలింది. ఉత్త బెదురే అయితే కొన్ని రాత్రుల్లో అవి అలవాటు పడిపోయేవి. చెడు రుచికి హెచ్చరిక అయితే, రుచి చూశాకే తప్పుకునేవి. రెండూ జరగలేదు: మొదటి నుంచీ గురి తప్పుతూనే వచ్చాయి, పైగా ఈ చిమ్మట వాటికి ఇష్టంగా తినదగినదే. సెకనుకు 4,500 దాకా క్లిక్కులు, ఎంత జోరు! బెర్తోల్డియా చేరే టైగర్ మాత్ వర్గపు చిమ్మటలన్నీ ఇలా చేస్తాయని మాత్రం అనుకోవద్దు. సిక్నియా టెనెరా అనే మరో టైగర్ మాత్ చప్పుడు నిజంగా హెచ్చరికే. అది గబ్బిలానికి సయించని తిండి.